తోక కోసిన పాటలు

సప్తమి

బుకింగులు: లేవు.

ఉండవని తెలిసీ ఈ పుస్తకం తెరుస్తున్నాను. మైక్ సెట్ షాపు అన్నాక పొద్దున్నే బుకింగ్ పుస్తకం తెరవాలి. పెళ్ళెక్కడ, పేరంటమెక్కడ, హారన్లు ఎన్ని, బండి ఎవరు పంపుతారు, అన్నీ రాసుకోవాలి. మా నాన్న రాశాడు, ఆయన తర్వాత నేను రాశాను. గట్టు మీద మైకులు ఆపించేశాక బుకింగులు పోయాయి గానీ అలవాటు పోలేదు. హారన్లు నాలుగూ బోర్లించి వాటి కింద కోళ్ళని కమ్ముతున్నాను. ఒకప్పుడు నాలుగు ఊళ్ళ అవతలికి వినబడిన హారన్లలోంచి ఇప్పుడు కోడిపెట్టల గోల వినబడుతోంది.

మైకులెందుకు ఆపారో అందరికీ తెలుసు. సముద్రానికీ మాకూ మధ్య ఈ మట్టిగట్టు ఒక్కటే అడ్డం. దాని పొట్టలో శబ్ద మండలి వాళ్ళు ఒక యంత్రం పెట్టారు. జనం దాన్ని ‘చెవి’ అంటారు. గట్టులో ఎక్కడ నీరు ఊరినా, ఎక్కడ బీట విచ్చినా ఆ చప్పుడు పట్టేస్తుంది. మైకు మోగితే దానికి వినబడదట. ప్రాణాలకంటే పెళ్ళిపాట ఎక్కువా అని నేనూ నోరు మూసుకున్నాను. చెవిలో బిళ్ళలు పెట్టుకుని వినే ప్లేయర్లు మాత్రం ఉండనిచ్చారు.

ఇవాళ మండలి వాళ్ళు ఇంటింటికీ తిరిగి కొత్త కబురు చెప్పారు. చెవికి జ్ఞాపకం చాలడం లేదట. పౌర్ణమి పోటు లోపల ఇళ్ళలో ఉన్న డిస్కులన్నీ అప్పగించాలట. మనిషికి ఒక్క ప్లేయరు ఉంచుకోవచ్చు. దానికి ముద్ర వేస్తారు. ముద్ర పడ్డాక అందులో కొత్తది చేర్చకూడదు, ఉన్నది తీయకూడదు.

నా దగ్గర నలభై వేల పాటలున్నాయి. పెళ్ళివి, సమర్తవి, తిరునాళ్ళవి, హరికథలు, నాట్ల పాటలు, శవం వెనక వేసేవి. వాటిలో సగం పాటలు పుట్టిన ఊళ్ళు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. బీరువా నిండా ఉన్న సరుకుని జేబులో పెట్టుకోమంటున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

సాయంత్రం పక్కగది మంగాయమ్మ ఆముదం కోసం వచ్చింది. ఆమె దిమ్మిస ముఠాలో పని చేస్తుంది. గట్టు మీద కొత్తమట్టి పోస్తే, పిడి ఉన్న ఇనపదిమ్మెలు ఎత్తి కొట్టి ఆ మట్టిని కుదించడం ఆ ఆడవాళ్ళ పని. అరచేతులు చూపించింది. బొబ్బలు చిట్లి కింద ఎర్రగా ఉంది.

"మధ్యలో దించుకోరా?" అన్నాను.

"పాటయితేనే దించాలంట పిన్నీ. ఆ పాటెక్కడవుద్ది? ఎత్తుకున్న కాడికే ఎల్లిపోద్ది మళ్ళీ."

ముఠాలన్నీ ఒకే పాటకి కొడతాయి. ఆ దరువు చెవికి నేర్పారు, అందుకని ఆ చప్పుడుని అది లెక్కచెయ్యదు. పాటయ్యాక కాసేపు కూర్చోవడం పూర్వం నుంచీ గట్టుపని వాళ్ళ ఆచారం. మండలి దాన్నే తిప్పి రూలు రాసింది: పాట పూర్తయ్యేవరకు దిమ్మిస దించరాదు.

"మీకు పాట సరిగ్గా రాదు, అందుకే అవదు" అని ఆముదం చేతిలో పెట్టి పంపేశాను. పాట తిన్నగా నేర్చుకోలేనివాళ్ళు గట్టెలా నిలబెడతారో నాకు తెలియదు.

అష్టమి

బుకింగులు: లేవు.

ప్లేయరు కొనాలంటే గట్టు మీద ఒక్కటే షాపు, భూషణం షాపు. ఆ గుమ్మం తొక్కడం కంటే సముద్రంలోకి నడవడం నయం. అయినా తొక్కాను.

భూషణం తండ్రిది కూడా మైక్ సెట్ షాపే, మా షాపుకి ఎదురుగా ఉండేది. మైక్ సెట్ వాళ్ళలో ఒక పద్ధతుంది. పక్క షాపువాడు పాట అడిగితే లేదనకూడదు, రేపు మనకీ అవసరం పడుతుంది. అలాగని మొత్తం ఇచ్చేస్తే మన షాపుకి ఎవడు వస్తాడు? అందుకని చివర కొంచెం కోసి ఇస్తాం. దాన్ని తోక కోయడం అంటాం. మా నాన్న ఇందుకోసం ఒక కత్తెర ప్రోగ్రాం రాయించాడు. ఎన్ని పాటలు వేసినా తలలు ఒక పక్క, తోకలు ఒక పక్క పడేవి. తలలు అడిగినవాళ్ళకి ఇచ్చేవాళ్ళం, తోకలు చెరిపేసేవాళ్ళం. పూర్తి పాట కావాలంటే రత్నం సౌండ్స్‌కే రావాలి అని పేరు వచ్చిందంటే అందువల్లే. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఇంటికి తాళం వేసుకున్నవాళ్ళని ఎవరూ దొంగలనరు.

"రండి రత్నంగారూ, ఆయ్! ఇన్నాళ్ళకి మా షాపు కనబడిందన్నమాట" అన్నాడు భూషణం, నవ్వు దాచుకోకుండా.

"నీ ముఖం చూడ్డానికి రాలేదు. ప్లేయర్లు చూపించు."

మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది మండలి ప్లేయరు, దానికి డబ్బు తీసుకోరు. తమలపాకంత ఉంది. ఎన్ని లక్షల పాటలైనా పడతాయట. రెండోది పాతకాలం కడ్డీ ప్లేయరు. ఇరవై వేలు పడతాయి, బ్యాటరీ మీద పూచీ లేదు. మూడోది పూజగదిలో పెట్టుకునే జపం పెట్టె. సబ్బుబిళ్ళంత ఉంది. దానికి సొంతంగా చిన్న స్పీకరుంది. నామం చదివే గొంతు చెవికి అడ్డురాదని మండలి దాన్ని వదిలేసింది. మూడు వేల పాటలకి మించి పట్టవు. ఒక్కటే బటను. నొక్కితే తర్వాతది వస్తుంది.

"ఇదెందుకు పెట్టావు?"

"మీ కోపానికి పనికొస్తదని. పొద్దున్నే ఓ పూట నామం వినండి, బీపీ దిగుద్ది."

పక్కన ఎవరో నవ్వారు. మండలి ప్లేయరు రెండ్రోజులు చూసి చెబుతానని తీసుకుని వచ్చేశాను. జపం పెట్టె వంక చూడను కూడా లేదు.

నవమి

బుకింగులు: లేవు.

మండలి ప్లేయరు బాగుంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ బాగుంది. అన్నం ఉడికేలోపు నలభై వేల పాటలూ లోపలికి వెళ్ళిపోయాయి. చెవిలో బిళ్ళలు పెట్టుకుంటే తిరునాళ్ళ డప్పు పక్కనే మోగినట్టుంది. పాట పేరు గుర్తులేకపోతే కూనిరాగం తీస్తే చాలు, అదే వెతికిపెడుతుంది. ఇంత మంచి సరుకు మండలి వాళ్ళు ఊరికే ఎందుకిస్తున్నారా అని అనుమానం వచ్చింది. ఊరికే వచ్చేది ఏదైనా మందు పెట్టిన ఎరే.

మధ్యాహ్నం కోళ్ళకి నూకలు వేస్తూ హరికథ పెట్టుకున్నాను. కథ నడిచింది, కల్యాణం జరిగింది, దాసుగారు చిడతలు ఎత్తారు. అంతే, ఆగిపోయింది. మంగళం పాడలేదు. మంగళం పాడకుండా హరికథ ఆపితే మా వైపు ఇంటికి అరిష్టం అంటారు. ఇంకోటి పెట్టాను. అదీ మంగళం ముందే ఆగింది. పెళ్ళిపాట పెట్టాను, శోభనం పాట పెట్టాను, నాట్లపాట పెట్టాను. అన్నీ అంతే.

ఆగిన చోటు నాకు తెలుసు. అది మా నాన్న కత్తెర పడే చోటు.

బీరువా తీసి డిస్కులో చూశాను. అక్కడ పాటలు పూర్తిగానే ఉన్నాయి. నేను ప్లేయరులో పోసింది పూర్తి పాటలు, ప్లేయరు నాకు వినిపించేది తోక తెగిన పాటలు. ఒళ్ళు మండిపోయింది. ఆ తమలపాకుని గోడకేసి కొట్టాలనిపించింది గానీ అరువు సరుకు.

దశమి

బుకింగులు: లేవు. భూషణంతో తగువు ఒకటి.

"నా పాటలు ఏం చేశావురా?" అని షాపులోకి వెళుతూనే అడిగాను. కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు పక్కకి జరిగారు.

"నేనేం చేత్తానండీ. ప్లేయరే సరిచేసుకుంటది. ఒక పాట గట్టు మీద ఎంతమంది కాడ ఎలా ఉందో చూత్తది. ఎక్కువమంది కాడ ఉన్నదే అసలు. తక్కువమంది కాడ ఉన్నది తప్పు. తప్పుది తీసేసి అసలుది పెడతది."

"నా ఒక్కదాని దగ్గరే పూర్తిగా ఉంది."

"అయితే మీదే తప్పండి."

"ఎక్కువమంది దగ్గరికి ఆ మొండిపాటలు ఎలా చేరాయి?"

"మా నాన్న పంచాడండి. ముంపులో అందరూ గట్టెక్కినప్పుడు మా షాపులో పాటలే ఇంటింటికీ ఇచ్చాం. మాకెవరిచ్చారంటారా? మీ నాన్నగారే." భూషణం బల్ల మీది ప్లేయర్లు పక్కకి తోశాడు. "నా పెళ్ళికి కూడా అలాగే ఇచ్చారండి. తలంబ్రాల పాట. సరిగ్గా మా ఆవిడ దోసిలెత్తేసరికి పాట టప్పున తెగిపోయింది. ఆవిడ చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. పందిరంతా ఇరగబడి నవ్వారు. ఆ పాట చివర ఎలా ఉంటదో నాకిప్పటికీ తెలీదు. ఆవిడ తెలీకుండానే పోయింది."

ఆ పెళ్ళికి నేనూ వెళ్ళాను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"పాట తెగితే తలంబ్రాలు ఆగుతాయా? మైకు దగ్గర కూర్చున్నవాడు తర్వాత పాట సిద్ధంగా పెట్టుకోవాలి. అది చేతకాక మా నాన్నని అంటావేం? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు" అన్నాను.

"తమరికి సిగ్గన్నది లేదండి."

"ఆ కడ్డీ ప్లేయరు ఇలా తే."

తెచ్చి బల్లమీద పడేశాడు. ఇరవై వేలు అంటే సగం. సగమైనా పూర్తిగా ఉంటాయి కదా అనుకున్నాను.

ఏకాదశి

బుకింగులు: లేవు.

ఉపవాసం. కడుపు ఖాళీగా ఉంటే నా నోరు ఇంకా పదునెక్కుతుంది, అందుకని ఎవరితోనూ మాట్లాడకుండా తలుపేసుకుని కూర్చుని ఉంచే పాటలు, పారేసే పాటలు వేరు చేశాను. పిల్లల్లో ఎవర్ని ఉంచుకుంటావు, ఎవర్ని పారేస్తావు అని అడిగినట్టుంది. పిల్లలు లేరు గనక అది ఎలా ఉంటుందో నాకు ఇంతకన్నా తెలియదు.

గట్టుమీద కొట్టే దిమ్మిస పాట వంతు వచ్చింది. ఇదెందుకు, పొద్దస్తమానం బయట వింటూనే ఉన్నాను కదా అని పారేసే వైపు తోశాను. ఎందుకో ఆగి, ఒకసారి పెట్టి విన్నాను. మా నాన్న ఎప్పుడో గోదారి ఏటిగట్టు పనిలో ఆడవాళ్ళ మధ్య మైకు పెట్టి పట్టుకున్న పాట అది. ఎత్తుకున్నది ఒక ముసలావిడ.

ఎత్తవే ఎత్తవే ఎదురొచ్చె గోదారి,
కొట్టవే కొట్టవే కోతేసె గోదారి.

కత్తెర చోటు దాటింది. నేను వింటూనే ఉన్నాను. ఒకటి చెప్పాలి, మైక్ సెట్ వాళ్ళం ఏ పాటా చివరిదాకా వినం. చివరికొచ్చేసరికి తర్వాత పాట ఎక్కించే పనిలో ఉంటాం. నలభై వేల పాటల చివర్లూ నా దగ్గరే ఉన్నా నేను విన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదే ముసలావిడ గొంతు, దరువు తగ్గించి, ఇలా అంది:

ఆపవే ఆపవే అలిసింది గోదారి,
దించవే దిమ్మిస దాహాలు తీరాలి,
గట్టెక్కడికి పోదు, గంజి సల్లారిపోద్ది.

ఆ తర్వాత ఇనపదిమ్మెలు ఒకటొకటిగా నేలకి దిగిన చప్పుడు, ఎవరో దగ్గడం, గంజి ముంత మూత తీసిన చప్పుడు. పాట అయిపోయింది.

ఆ పాటకి చివర ఉంది. ఆ చివరలో విశ్రాంతి ఉంది. గట్టు మీద ఏ ముఠాకీ అది తెలియదు.

సాయంత్రం మంగాయమ్మ ఏడుస్తూ వచ్చింది. ముఠాలో వెంకాయమ్మ అనే ఆవిడ దిమ్మిస ఎత్తి ఎత్తినట్టే పడిపోయిందట. కాలి మీద ఇనుం పడింది.

"మీరే ఏదో ఒకటి పాడి, పాటయిందని దించేయచ్చుగా?" అన్నాను.

"దించాం పిన్నీ మొన్నామధ్య. ఇది పాటలో ఎక్కడుంది, తన ప్లేయరులో చూపించమన్నాడు మేస్త్రీ. ఎక్కడ చూపిత్తాం? ఆ పూట కొట్టిందంతా పని కాదన్నాడు. మళ్ళీ మొదట్నుంచి కొట్టించాడు."

ఆమెకి ఆ పాట చివర వినిపించాను. చెవిలో బిళ్ళ పెట్టుకుని, నోరు తెరిచి వింది. వినడం అయ్యాక నావైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

"ఇది ఇన్నాళ్ళూ నీ బీరువాలో ఉందా?" అంది.

"అడిగినవాళ్ళు లేరు" అన్నాను. నిజమే కదా. నిజమైనా, వెళ్ళేటప్పుడు ఆమె మళ్ళీ ఆముదం పోయించుకోవడానికి తెచ్చిన సీసా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ద్వాదశి

బుకింగులు: లేవు.

మేస్త్రీ తాతాజీ దగ్గరికి డిస్కు చంకలో పెట్టుకుని వెళ్ళాను. పాటకి చివర ఉందని చెప్పాను. వాడు బీడీ ఆర్పకుండా విన్నాడు.

"ముద్ర ఉందా?"

"డిస్కుకి ముద్రెక్కడ్నించి వస్తుంది?"

"ముద్ర ఉన్న ప్లేయరులో ఉంటే పాటండి. ముద్ర లేందాంట్లో ఉంటే చప్పుడు. మండలి రూలది. నన్నేం చెయ్యమంటారు?"

వాడి తల మీద డిస్కు పెట్టి కొడితే ఎలా మోగుతుందో వినాలనిపించింది.

సరే, కడ్డీ ప్లేయరుకే ముద్ర వేయించి చూపిద్దామని ఇంటికి వచ్చాను. అది గూట్లో ఉబ్బి, నిప్పులా కాలుతోంది. చీపురుతో తోసి నీళ్ళ బకెట్లో పడేశాను. అదే బకెట్టుతో భూషణం షాపుకి వెళ్ళి బల్ల మీద కుమ్మరించాను.

"పూచీ లేదని ముందే చెప్పానండి" అన్నాడు, తడిసిన కాగితాలు తీసుకుంటూ. తర్వాత, ఎందుకో తెలియదు, గొంతు తగ్గించి ఇంకోమాట చెప్పాడు. "ఒకేళ అది బతికున్నా లాభం లేదండి. ముద్ర వేసే ముందు ఏ ప్లేయరునైనా సరిచేసే యంత్రంలో పెడతారు. తెలిసిన పాట అయితే అందరిదానిలా మార్చేత్తారు. దేనికీ పోలిక కలవంది ఉంటే మాత్రం ముట్టుకోరు."

"ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పనిచ్చారా?"

అంటే ఏ ప్లేయరు కొన్నా ఒకటే. నమ్ముకుంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టే. పాటలన్నీ నా కళ్ళముందే మొండివి అవుతాయి, దిమ్మిస పాటతో సహా. మంగాయమ్మ గది తలుపు మూసే ఉంది. తట్టలేదు.

త్రయోదశి

బుకింగులు: లేవు.

పొద్దున్న కోళ్ళని విడుస్తూ ఉండగా తట్టింది. పోలిక కలవంది ఉంటే ముట్టుకోరు అన్నాడు భూషణం. గట్టు మీద ఎవరి దగ్గరా లేనిది, దేనికీ పోలిక కలవనిది నా దగ్గర ఏముంది?

తోకలున్నాయి.

తలలు అందరి దగ్గరా ఉన్నాయి. ఆ ఘనకార్యం భూషణం తండ్రి చేసిపెట్టాడు. ప్రతి చెవిలోనూ, ప్రతి ముఠా నోట్లోనూ తలలే. నేను మళ్ళీ వాటిని మొయ్యడం ఎందుకు? పైగా తోక అంటే ఎంత, గుక్క తిప్పుకునేంత. నలభై వేల తోకలు కలిపినా మూడు వేల పాటల జాగాలో సరిపోతాయి.

మళ్ళీ భూషణం షాపుకి వెళ్ళి జపం పెట్టె అడిగాను. వాడు నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నాడు.

మా నాన్న కత్తెరని డిస్కు మీద నడిపించాను. ఈసారి తలలు చెత్తలోకి, తోకలు పెట్టెలోకి. పొద్దంతా పట్టింది. హరికథల్లో మంగళం ఒక్కటే మిగిలింది, కథ పోయింది. మా అమ్మకిష్టమైన నాట్లపాటలో ఆఖరి ‘ఓ’ మాత్రం మిగిలింది. ఒక్కో తల పోతున్నప్పుడు బూతులు వచ్చాయి, అన్నీ తిట్టాను. మండలిని, చెవిని, సముద్రాన్ని. ఇకమీదట నేనొక్కదాన్నీ కూర్చుని ఒక పాట పూర్తిగా వినలేను. ఎవడో ఒకడు వచ్చి తల పాడితే గానీ నా తోకకి పని లేదు. మనుషులంటే పడని నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష మండలి కూడా వేయలేదు.

పెట్టె సంగతి చెప్పాలి. ఒక్కటే బటను. ఆపి వేస్తే మళ్ళీ మొదటిదే వస్తుంది. నలభై వేలవ తోక వినాలంటే అన్నిసార్లూ నొక్కాలి. ఇంత దరిద్రపు ప్లేయరు లోకంలో ఉండదు. అందుకని దిమ్మిస పాట తోకని మొదట పెట్టాను.

చతుర్దశి

బుకింగులు: లేవు.

భూషణం వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మా షాపు గుమ్మం వాడు తొక్కడం నాకు తెలిసి ఇదే మొదలు.

"పెట్టెలో ఏం పోశారో నాకర్థమైందండి" అన్నాడు.

"మండలికి చెబుతావా?"

"చెప్పను గానీ, ఆ తలంబ్రాల పాట..."

వాడి చేతిలో మండలి ప్లేయరు ఉంది. ఒక బిళ్ళ వాడి చెవిలో పెట్టుకోమన్నాను, ఒకటి నేను పెట్టుకున్నాను. తల నడిచింది. సన్నాయి, ముత్యాల పళ్ళెం మాట, వదినగారి ఎకసెక్కం. తెగే చోటు రాగానే నేను పెట్టె రెండుసార్లు నొక్కాను. దిమ్మిస తర్వాత, రెండోది అదే పెట్టి ఉంచాను.

తోకలో పెద్దగా ఏమీ లేదు. సన్నాయి ఒక మెట్టు పైకెళ్ళింది, డోలు నాలుగు దెబ్బలు పడ్డాయి, ఎవరో ఆడపిల్ల నవ్వింది.

"ఇంతేనా!" అన్నాడు భూషణం. "ఈ నాలుగు దెబ్బలు ఇస్తే మీ నాన్నగారి సొమ్మేం పోయేదండీ?"

వాడు కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి వెయ్యమన్నాడు. ఇంకోసారి వేశాను. ఆ ఒక్కటీ కాపీ ఇవ్వమన్నాడు.

"ఇవ్వను. వినాలంటే తల తీసుకుని నా షాపుకి రా."

"మీరు మారరండి" అంటూ వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ హారన్లు తంతూ పోయాడు, కోళ్ళు గోల పెట్టాయి.

పౌర్ణమి

బుకింగులు: ఒకటి. మంగాయమ్మ ముఠా, గట్టు మీద. అడిగింది వాళ్ళు కాదు, నేనే రాసుకున్నాను.

పొద్దున్నే మండలి బల్ల దగ్గర డిస్కులు అప్పగించాను. ఇన్‌స్పెక్టరు వినీల అని చిన్నపిల్ల, నాకే మనవరాలుంటే ఆ వయసుండేది. పెట్టెని యంత్రంలో పెట్టింది. యంత్రం చాలాసేపు వెతుక్కుంది.

"ఏంటమ్మా ఇవన్నీ? చివరి ముక్కల్లా ఉన్నాయి. ఒక్కటి కూడా దేనితోనూ కలవట్లేదు. నలభై వేల చెత్తముక్కలు దాచుకుంటారా?"

"ముసలిదాన్ని. చెత్తే మిగిలింది."

"వేరే మంచిది తీసుకోండి, ఇంకా టైముంది."

"ముద్ర వెయ్యమ్మా."

జాలిపడి వేసింది. నా మీద ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మంట. ఈసారికి ఓర్చుకున్నాను.

అక్కడి నుంచి తిన్నగా గట్టుకి వెళ్ళాను. పౌర్ణమి పోటు, అవతల నీళ్ళు ఎత్తుగా ఉన్నాయి. ముఠా ఆడవాళ్ళు చెవుల్లో బిళ్ళలతో వరసగా నిలబడి కొడుతున్నారు. వెంకాయమ్మ చోటు ఖాళీగా ఉంది. మంగాయమ్మ చేతులకి గుడ్డలు చుట్టుకుంది. నన్ను చూసి తల తిప్పుకుంది. గట్టు వెనక గంజి బాన కూడా ఉంది. మూత మీద ఈగలు.

కొట్టవే కొట్టవే కోతేసె గోదారి. పాట తెగే చోటుకి వచ్చింది. మెళ్ళో తగిలించుకున్న పెట్టె తీసి పైకెత్తి నొక్కాను. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ, ఇది పిట్టా కొంచెమే, కూతా కొంచెమే. సముద్రపు హోరులో ఎవరికీ వినబడలేదు. దిమ్మిసలు మళ్ళీ లేచాయి. పాట మళ్ళీ మొదలైంది.

దగ్గరికి వెళ్ళాను. మంగాయమ్మ చెవిలోంచి ఒక బిళ్ళ లాగేశాను. "నన్ను తర్వాత తిట్టుకో. ముందు విను" అని, మళ్ళీ మొదటిదే వచ్చేలా పెట్టెని ఆపి వేసి, ఆమె చెవికి ఆనించి నిలబడ్డాను. పాట అంతా అలాగే నిలబడ్డాను, ఆ ఇనుము నా కాళ్ళ పక్కనే పడుతూ ఉంది. తెగే చోటు వచ్చింది. నొక్కాను.

ఆపవే ఆపవే అలిసింది గోదారి.

మంగాయమ్మ ఎత్తిన దిమ్మిస గాల్లో ఆగింది. ఆ ముసలావిడ గొంతుతో కలిపి తనూ ఎత్తుకుంది, గట్టిగా, వరస మొత్తానికి వినబడేలా. దించవే దిమ్మిస దాహాలు తీరాలి. పక్కావిడ అందుకుంది. ఆ పక్కావిడ అందుకుంది. దిమ్మిసలు ఒకటొకటిగా నేలకి దిగాయి. మా నాన్న పట్టుకున్న చప్పుడు సరిగ్గా అదే.

తాతాజీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవరాపమన్నారే? పోటు మీద పనాపుతారా?"

"మేమాపలేదండి" అంది మంగాయమ్మ, మట్టిలోనే కూలబడుతూ. "పాటైపోయింది."

వాడు నావైపు తిరిగాడు. పెట్టె వాడి ముక్కు దగ్గర పెట్టాను.

"ముద్ర. చదువుకో."

చదివాడు. తిరగేసి మళ్ళీ చదివాడు. చెవికి పెట్టుకుని నొక్కించుకుని విన్నాడు. తన ప్లేయరులోని గొంతూ ఈ గొంతూ ఒకటే అని వాడికీ తెలుస్తూనే ఉంది. రూలు తనే చెప్పాడు, ఇప్పుడు ఏ రూలు వెతుక్కోవాలో తెలియక నిలబడ్డాడు. గట్టెక్కడికీ పోలేదు. చప్పుడు లేదు గనక చెవికి కూడా బాగా వినబడి ఉంటుంది.

ఆడవాళ్ళు బాన మూత తీశారు. మంగాయమ్మ ఒక గ్లాసు నిండా గంజి పోసి, నా వైపు చూడకుండానే నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఉప్పు తక్కువైంది. ఆ మాట చెప్పాను.

"రేపొచ్చేటప్పుడు నువ్వే తెచ్చుకో పిన్నీ" అంది.

రేపటి బుకింగులు: మంగాయమ్మ ముఠా. దాని పక్క ముఠా. సాయంత్రం భూషణం, తలంబ్రాల పాట.